కారప్పొడి వైద్యం

పెంపుడు కుక్క తన మలాన్ని తానే తింటోందని ఎవరితోనైనా చెప్పి చూడండి. మూడు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. "దానికి కాల్షియం తక్కువైందండీ, టానిక్ పట్టండి" అన్నది మొదటిది. "ముక్కు పట్టుకుని అందులో రాసి నాలుగు తగిలించండి, మళ్లీ ఆ జోలికి పోదు" అన్నది రెండోది. "కారప్పొడి చల్లండి, అనాసపండు పెట్టండి" అన్నది మూడోది. అపార్ట్‌మెంటు లిఫ్టులో పక్క ఫ్లాటాయన చెప్పేదీ, కుక్కల సామాన్ల దుకాణంలో కుర్రాడు చెప్పేదీ, ఫోన్‌లో వచ్చే వీడియోలు చెప్పేదీ ఇవే. మూడూ తప్పు. వినేసి ఊరుకోదగ్గ తప్పులు కూడా కావు. అయిదు కిలోల షిట్జునో, పొమేరియన్‌నో పెంచుకునే ఇళ్లలో ఈ మూడు సలహాలూ కలిసి లేని జబ్బుని తెచ్చిపెడుతున్నాయి, ఉన్న జబ్బుని కనబడకుండా చేస్తున్నాయి.

ముందు లోపం సంగతి. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బలపాలు తినే పిల్లకి రక్తం తక్కువని మన పెద్దవాళ్లు అంటారు, చాలాసార్లు అది నిజమే అవుతుంది. ఎముకలూ గుడ్డపీలికలూ నమిలే గేదెకి భాస్వరం తక్కువని పశువైద్యులు చెబుతారు, అదీ నిజమే. తినకూడనిది తింటోందంటే ఒంట్లో ఏదో తగ్గిందన్న లెక్క అక్కడ సరిపోయింది కాబట్టి కుక్కకీ అదే లెక్క వేశాం. కానీ మలం తినకూడనిదని తీర్మానించింది మనం. కుక్క ఆ తీర్మానం ఎన్నడూ చేసుకోలేదు.

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల తనంతట తాను విసర్జించలేదు. తల్లి దాని పొట్ట కింద నాలుకతో నాకితేనే మూత్రమైనా మలమైనా వస్తుంది. వచ్చినదాన్ని తల్లి అక్కడికక్కడే తినేస్తుంది. దాదాపు మూడు వారాల పాటు ఇదే పద్ధతి. పిల్లలు పడుకునే చోటు పొడిగా, వాసన లేకుండా ఉండేది దీనివల్లే. ఆ తల్లికి ఏ విటమిన్ తక్కువైందని అడుగుదాం? ఆ పడకలోనే పెరిగిన పిల్ల నోటితోనే లోకాన్ని పరిచయం చేసుకుంటుంది. చెప్పు, చీపురు, కుండీలో మట్టి, తన మలం దానికి ఒకే వరసలో ఉంటాయి. చాలా పిల్లలు ఈ పని కొన్నాళ్లు చేసి, ఎదిగేకొద్దీ వాటంతటవే మానేస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, అనాసపండు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇళ్లలో మరుగుదొడ్లు లేని రోజుల్లో పల్లెల్లో పెరిగినవాళ్లకి ఊరకుక్కలు ఊరి బయట ఏం తిని బతికేవో విడమరిచి చెప్పక్కర్లేదు. జింబాబ్వే పల్లెల్లో తిరిగే కుక్కల తిండి గురించి 2002లో వచ్చిన ఒక అధ్యయనం కూడా మొక్కజొన్న సంకటితో పాటు మనిషి మలాన్ని వాటి ఆహారంలో ముఖ్యభాగంగా చూపింది. మనిషి పక్కన చేరి, మనిషి వదిలేసినదాన్ని తిని బతకడమే కుక్క కుక్కగా మారిన కథ. మిగతా జంతువుల్లోనూ ఇది వింతేం కాదు. కుందేలు తన మెత్తటి మలాన్ని మళ్లీ తినకపోతే దానికి కావలసిన బి విటమిన్లు పూర్తిగా అందవు. గుర్రప్పిల్ల తల్లి పేడ తింటుంది. వాటిని చూసి ఎవరూ టానిక్ సీసా వెతకరు.

కుక్కల విషయంలో ఊహలు పక్కనపెట్టి లెక్కలు తీసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పశువైద్య ఆచార్యుడిగా పనిచేసిన బెంజమిన్ హార్ట్, ఆయన సహచరులు కలిసి రెండు సర్వేలు చేశారు. సుమారు మూడు వేల మంది యజమానులు జవాబులిచ్చారు. ఫలితాలు 2018లో ప్రచురించారు. ఆరింట ఒక కుక్క, అంటే 16 శాతం, మలం తరచుగా తినేదే. తినేది చాలావరకు రెండు రోజుల్లోపు తాజా మలం. ఏం తిండి పెడుతున్నారన్నదానికీ ఈ అలవాటుకీ సంబంధం కనబడలేదు. వయసుతోనూ కనబడలేదు. విసర్జన ఎక్కడ చెయ్యాలో నేర్చుకుందా లేదా అన్నదానితోనూ కనబడలేదు. సంబంధం కనబడింది రెండింటితో: ఇంట్లో ఒకటికి మించి కుక్కలుండటం, గిన్నె కింద పెట్టగానే ఆవురావురుమని తినే గుణం.

ఎందుకు తింటాయన్నదానికి వాళ్లు ఒక ప్రతిపాదన చేశారు. మలంలో బయటికొచ్చే చాలా రకాల పురుగుల గుడ్లు ఆ క్షణంలోనే ప్రమాదకరం కావు. ఏలికపాము గుడ్డు మట్టిలో రెండు మూడు వారాలు పక్వమైతే తప్ప మరో జంతువుకి అంటదు. కొంకిపురుగు పిల్లకీ కొన్ని రోజులు పడుతుంది. తోడేళ్ల గుంపులో జబ్బుపడ్డ ఒకటి గుహ దగ్గరే విసర్జిస్తే, అది తాజాగా ఉన్నప్పుడే తినేసిన తోడేలు గుహని పురుగుల నుంచి కాపాడినట్టే. ఆ గుణమే మన సోఫా మీద పడుకునే షిట్జులో మిగిలిందని వాళ్ల వాదన. ఇది నిరూపణ కాదు, ప్రతిపాదన. పైగా సర్వే అంటే యజమానులు తామే నింపిన జవాబులు. ఈ బాధ ఉన్నవాళ్లే ఎక్కువ ఆసక్తితో నింపి ఉండొచ్చు. 16 అన్నది 12 కావచ్చు, 20 కావచ్చు. అయినా తిండిలో లోపమే అసలు కారణమైతే, ఇన్ని వేల కుక్కల్లో దాని జాడ ఎంతో కొంత కనబడాలి కదా. కనబడలేదు.

"పోనీ, టానిక్ పడితే పోయేదేముంది?" అంటారు. పోయేది ఉంది. మంచి పొడి ఆహారం తినే కుక్కపిల్లకి కావలసిన కాల్షియం అందులోనే ఉంటుంది. పైనుంచి పోస్తే పెద్ద జాతుల పిల్లల్లో ఎముకల ఎదుగుదల దెబ్బతింటుందన్నది పశువైద్యంలో ఎప్పుడో తేలిన విషయం. చిన్న జాతుల్లో ఇంకో ప్రమాదం ఉంది. చూలుతో ఉన్న చిన్న కుక్కకి బలమని కాల్షియం పోస్తూ పోతే, ఎముకల్లోని కాల్షియాన్ని అవసరానికి బయటికి తీసే గ్రంథి బద్ధకిస్తుంది. తీరా ఈని పాలిచ్చే వేళ రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, కుక్క వణుకుతూ బిగుసుకుపోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లకపోతే ప్రాణం పోతుంది. మలం తినడం మాన్పించడానికి మొదలుపెట్టిన సీసా ఇంట్లో అలమారాలో ఉండిపోయి, చివరికి చేసే పని ఇదీ.

ఇక రెండో మాట: ఇది దాని బుద్ధి, కొడితే తప్ప మారదు అన్నది. కుక్కని బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని గుణం మారదని చెప్పే సుమతీ శతక పద్యాన్ని మనమంతా చిన్నప్పుడే బట్టీపట్టాం. నీచుడి గురించి చెప్పడానికి కవి కుక్కని వాడుకున్నాడు. మనం ఆ పద్యంలోని మనిషిని మరిచిపోయి కుక్కనే నేరస్థురాలిని చేశాం. మలం తినే కుక్కని చూసినప్పుడు మనకి కలిగే ఏవగింపు మనది. అది సహజం, దాన్ని తప్పుపట్టను. ఆ ఏవగింపుని కుక్క చేసిన పాపంగా మార్చి శిక్ష వేయడాన్నే తప్పుపడుతున్నాను.

ముక్కు పట్టుకుని మలంలో రాస్తే కుక్కకి ఏమర్థమవుతుంది? అది విసర్జించి అయిదు నిమిషాలైంది. ఇప్పుడు దెబ్బలు పడుతున్నాయి. మలమూ యజమానీ ఒకేచోట ఉంటే దెబ్బలు పడతాయన్న ఒక్కటే దానికి తెలుస్తుంది. ఆ తర్వాత అది మీ ఎదుట విసర్జించడం మానేస్తుంది. సోఫా వెనక్కి, మంచం కిందికి, బాల్కనీ మూలకి పోతుంది. అక్కడ మీరు చూసేలోపు తినేసే తీరిక దానికి దొరుకుతుంది. బయట వాకింగ్‌లో గొలుసు పట్టుకుని పక్కనే నిలబడితే ఎంతసేపైనా బిగపట్టుకుని, ఇంట్లోకి వచ్చాక హాల్లో చేస్తుంది. అప్పుడు మళ్లీ దెబ్బలు. "ఏయ్!" అని అరుస్తూ మీదికి పరిగెత్తినా అంతే. నోటిదాకా వచ్చినదాన్ని ఎవరో లాక్కోవడానికి వస్తున్నారనుకుని గబుక్కున మింగుతుంది. రోజూ ఇలా మింగించి మింగించి, చివరికి మానదని ఫిర్యాదు చేస్తాం. ఒక మాట నేరుగా చెప్పాలి: జంతువుని కొట్టి హింసించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఇంట్లో కొట్టినా నేరమే.

మూడో మాట కారప్పొడి. మలం మీద కారం, మిరియాల పొడి చల్లమనేవాళ్లు ఆ కారం ఎక్కడికి వెళుతుందో ఆలోచించరు. కుక్క తింటే నోరూ కడుపూ మండుతాయి. తినకపోయినా వాసన చూడటానికి వంగినప్పుడు ముక్కుల్లోకీ కళ్లలోకీ పోతుంది. షిట్జు కళ్లు అసలే బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చిన్న గీతకే పుండుపడతాయి. పైగా ఈ పద్ధతికి ఒక షరతుంది: కుక్క చేసిన ప్రతిసారీ మీరు అక్కడే ఉండి, అది తినేలోపు చల్లాలి. అంత దగ్గరగా అక్కడే ఉన్నవాళ్లు కారం చల్లే బదులు ఆ మలాన్ని కాగితంతో తీసేయొచ్చు కదా!

అనాసపండు, గుమ్మడికాయ, మలాన్ని రుచి లేకుండా చేస్తాయని అమ్మే మాత్రలు, పొడులు అన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తున్నాయి. లోపలికి ఏదో పంపితే బయటికొచ్చేది చేదెక్కుతుందని. హార్ట్ బృందం ఇలాంటి 11 రకాల అంగడి మందుల గురించి యజమానుల్ని అడిగింది. పనిచేశాయన్నవాళ్లు సున్నా నుంచి 2 శాతం. నూటికి ఇద్దరు కూడా సరిగ్గా లేరు! అవే మందులు మన దగ్గర సీసాకి వందల రూపాయలు పలుకుతున్నాయి. "మా కుక్క అనాసపండు పెట్టాకే మానేసిందండీ" అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నాలుగు నెలల పిల్లకి పెట్టడం మొదలుపెడతారు, ఎనిమిదో నెలకి అది మానేస్తుంది. పెట్టకపోయినా మానేసేదే. ఆ ఇంట్లో అనాసపండు పెట్టని ఇంకో పిల్ల లేదు కనుక తేడా తెలిసే దారి లేదు.

మరి మలం తినడానికీ కడుపు జబ్బుకీ అసలు సంబంధమే లేదా అంటే, కొన్ని కుక్కల్లో ఉంది. కాకపోతే ఆ సంబంధం టానిక్ సీసాలో దొరికేది కాదు, పరీక్షలో దొరికేది. క్లోమగ్రంథి జీర్ణరసాలు సరిపడా తయారుచేయని కుక్క ఎంత తిన్నా అరగదు. తిన్నది అలాగే బయటికొస్తుంది. అందులో తిండి వాసన ఉంటుంది కాబట్టి ఆకలితో మళ్లీ తింటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు: ఆబగా తింటూనే చిక్కిపోతుంటుంది, మలం పెద్ద పెద్ద రాశులుగా, పాలిపోయి, నూనె జిడ్డుతో వస్తుంది. ఎక్కువగా జర్మన్ షెపర్డ్‌లకి వచ్చే జబ్బు. చిన్న జాతుల్లో క్లోమం వాపు పదేపదే వచ్చి గ్రంథి పాడయ్యాక వస్తుంది. పరగడుపున రక్తం తీసి చేసే ఒక పరీక్షతో తేలుతుంది. జీర్ణరసాల పొడి జీవితాంతం తిండిలో కలిపి పెడితే ఆ కుక్క హాయిగా బతుకుతుంది. ఇలాంటి కుక్కకి ఇంట్లో కాల్షియం పోస్తూ నెలలు గడిపితే కళ్లముందే ఎముకల గూడవుతుంది. ఇవి కాక మధుమేహం, పేగుల్లో పురుగులు, దురద కోసం వాడే స్టెరాయిడ్ మాత్రలు, మూర్ఛకి వాడే ఫినోబార్బిటాల్ కూడా ఆకలిని పెంచి కుక్క దేన్నైనా తినేలా చేస్తాయి. ఎదిగిన కుక్క, ఎన్నడూ లేనిది హఠాత్తుగా మొదలుపెడితే వెతకాల్సింది ఇక్కడ.

చిన్న కుక్కల కడుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో జరిగే పొరపాట్లలో ఎక్కువ అక్కడే. అయిదు కిలోల కుక్కకి రోజంతటికీ సుమారు 350 కిలోకేలరీలు చాలు. టీ వేళకి అందరూ తలా ఒకటి వేసే మేరీ బిస్కెట్‌లో ఒక్కోదాంట్లో ఇరవైకి పైగా ఉంటాయి. తాతగారు రెండు, అమ్మ ఒకటి, పిల్లలు రెండు వేస్తే దాని రోజు తిండిలో మూడోవంతు బిస్కెట్లతోనే అయిపోయింది. తర్వాత అది గిన్నెలోది ముట్టదు. "తినట్లేదు పాపం" అని నెయ్యి వేసి కలుపుతారు. అప్పుడు విరేచనాలు పడతాయి. విరేచనాలని పెరుగన్నం పెడతారు. అన్నం కుక్కకి విషం కాదు. తోడేలు కంటే కుక్క పిండిపదార్థాన్ని బాగా అరిగించుకోగలదని, అందుకు కావలసిన జన్యువు దాని ఒంట్లో ఎన్నో రెట్లు పెరిగిందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. కానీ నీరు తీసేసి లెక్కిస్తే అన్నంలో మాంసకృత్తులు ఏడెనిమిది శాతమే. ఎదిగిన కుక్కకి కనీసం 18, ఎదిగే పిల్లకి అంతకన్నా ఎక్కువ కావాలి. పెరుగు కొంత సర్దుతుంది, పూర్తిగా సర్దలేదు. విరేచనాలప్పుడు రెండు రోజులు పెట్టే పథ్యంగా అన్నం మంచిదే, ఏడాదంతా పెట్టే భోజనంగా చాలదు. శాకాహారుల ఇళ్లలో ఈ మాట నచ్చదని తెలుసు. ఇంటి ఆచారాన్ని మార్చుకోమనడం లేదు, కుక్క గిన్నెలోకి గుడ్డు గానీ, సమతూకమైన పొడి ఆహారం గానీ రానివ్వమంటున్నాను.

పాలు ఇంకో కథ. తల్లిపాలు మానిన కుక్కల్లో చాలావాటికి పాలల్లోని చక్కెర అరగదు. పొద్దున్నే గిన్నెడు పాలు తాగిన పొమేరియన్‌కి పదింటికల్లా పల్చగా అవుతుంటే, రోజూ అవుతోంది కాబట్టి దాని ఒంటితత్వమే అంతనుకుంటారు. పాలు ఆపి చూసినవాళ్లు తక్కువ. ఆదివారం మటన్ వండినప్పుడు కోసి పక్కనపెట్టిన కొవ్వంతా కుక్కకి వేయడం అన్నిటికంటే ప్రమాదం. చిన్న జాతుల్లో, ముఖ్యంగా మినియేచర్ ష్నాజర్, యార్క్‌షైర్ టెరియర్‌లలో, క్లోమం వాపుకి అదొక దారి. కుక్క వాంతులు చేసుకుంటూ, ముందుకాళ్లు నేలకి చాపి నడుము పైకెత్తి నిలబడిందంటే కడుపులో భరించలేని నొప్పి ఉందని అర్థం. అప్పుడు వాము నీళ్లు కాదు కావలసింది.

మందుల దుకాణం వైద్యం మీద కూడా నాకు కోపం ఉంది. లూజ్ మోషన్స్ అనగానే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ సిరప్ ఇంటింటా మొదలైపోతోంది. అది వాడాక మూడో రోజున తగ్గితే మందు పనిచేసిందనుకుంటాం. తేలికపాటి విరేచనాలు చాలావరకు మందు లేకుండానే మూడు నాలుగు రోజుల్లో తగ్గుతాయి. ఆ మందు మాత్రం పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవుల్ని వారాల తరబడి చెదరగొడుతుంది. ఐరోపా పశువైద్య నిపుణులు 2024లో ప్రచురించిన మార్గదర్శకాలు తేలికపాటి, మధ్యస్థమైన విరేచనాలకి యాంటీబయాటిక్‌లు వద్దన్నాయి. మలంలో రక్తం కనిపించినా, కుక్క రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన లక్షణాలు లేకపోతే సెలైన్‌తోనే చాలావరకు కుదురుకుంటుంది. మన మెడికల్ షాపుల్లో మాత్రం ఈ మందు చాక్లెట్ అడిగినంత తేలిగ్గా దొరుకుతుంది. పల్చటి మలం తింటున్న కుక్కకి ఈ మందు పోసి పేగులు చెదరగొట్టి, మళ్లీ పల్చబడితే మళ్లీ ఇదే పోసే ఇళ్లు నాకు తెలుసు. మనుషులకి వాడే నొప్పి మాత్రలు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకి వేయడం ఇంకా ఘోరం. అయిదు కిలోల ఒంట్లో మన మాత్ర ఒకటి ఎంత మోతాదవుతుందో లెక్కేసుకోండి.

దీనికి ఎదురువాదంగా, "మలం తింటే పురుగులు పడవా, పిల్లల ముఖాలు నాకదా, అలాంటప్పుడు గట్టిగా కొట్టైనా మాన్పించొద్దా?" అని అడిగేవాళ్ల భయం నిజమైనదే. దానికి జవాబు కూడా నిజంగా చెప్పాలి. ఏలికపాము గుడ్డు తాజా మలంలో అంటుకోదని పైన చెప్పాను, అయితే జియార్డియా అనే పేగుల పరాన్నజీవి అలా కాదు. అది మలంతో బయటికొచ్చిన క్షణం నుంచే అంటగలదు. అందుకే జియార్డియా ఉన్న కుక్క తన మలం తాను తింటే మందు వేసినా మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ మాత్రమే ఉన్న మామూలు నులిపురుగుల మాత్ర దాని మీద పనిచేయదు. పరీక్ష చేయకుండా నెలనెలా ఆ మాత్ర వేసి "డీవార్మింగ్ చేయిస్తూనే ఉన్నామండీ" అనే యజమాని తప్పు చేయడం లేదు, తప్పుదారిలో వెళుతున్నాడు. పార్వో విషయంలో భయం ఇంకా న్యాయమైనది. 1978లో ప్రపంచానికి తెలిసిన ఆ వైరస్ నేల మీద నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాదికి పైగా బతుకుతుంది. టీకాలు పూర్తికాని పిల్ల వీధికుక్క మలం నోట పెట్టిందంటే కంగారుపడాల్సిందే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాల దాకా విడతలుగా వేసే టీకాలే దానికి అడ్డు. ఇంట్లో జబ్బుపడితే నేలకి ఫినాయిల్ చాలదు, బ్లీచింగ్ కావాలి. కర్ర వీటిలో దేన్నీ ఆపదు.

ఇంతకీ ఏం చేయాలి? చేసినవెంటనే తీసేయాలి. ఇంతకంటే బాగా పనిచేసేది మరొకటి లేదు, దీన్నే ఎవరూ సలహాగా లెక్కచేయరు, ఎందుకంటే ఇందులో కొనాల్సిందేమీ లేదు. పిల్లలు తిన్న పావుగంట, అరగంటలో విసర్జిస్తాయి. ఆ సమయానికి గొలుసుతో కిందికి తీసుకెళ్లాలి. అది చేయగానే పేరు పెట్టి పిలిచి, దాని ముక్కు మలం వైపు తిరిగేలోపు మన చేతిలోంచి ఒక మెతుకంత ఉడికిన చికెన్ అందించాలి. కొన్ని వారాలు ఇలా చేస్తే, చేసిన వెంటనే వెనక్కి కాకుండా మీ వైపు తిరగడం దానికి అలవాటవుతుంది. కొన్ని కుక్కలకి ఆ అలవాటు అంత తొందరగా రాదు, హార్ట్ సర్వేలో శిక్షణతో మాన్పించామన్నవాళ్లూ తక్కువే. అప్పుడు కూడా నేల మీద తినడానికి ఏమీ లేకుండా చూడటం మీ చేతిలోనే ఉంటుంది.

ఇక్కడ అపార్ట్‌మెంటు జీవితం గురించి చెప్పకుండా ఉండలేను. భార్యాభర్తలిద్దరూ ఉదయం ఎనిమిదింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఇంట్లో, బాల్కనీలో ఒక ప్యాడ్ వేసి, నీళ్ల గిన్నె పెట్టి వదిలేసిన షిట్జు ముందు రోజంతా ఉండేవి మూడే: నీళ్లు, గోడ, తన మలం. అది చేసే పని చూసి సాయంత్రం అసహ్యించుకోవడం అన్యాయం. పైగా ఇలాంటి పిల్లలు కొన్ని పుట్టిన చోటే ఇరుకు పెట్టెల్లో, తమ మలం మీదే పడుకుని పెరిగినవి. ఎనిమిది వారాలలోపు పిల్లని అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల గురించి 2017లో వచ్చిన కేంద్ర నియమాలు చెబుతున్నాయి. అయినా నెల నిండని పిల్లల్ని బుట్టలో పెట్టి అమ్మేవాళ్లని చూస్తూనే ఉన్నాం. తల్లి దగ్గర పడకని శుభ్రంగా ఉంచుకోవడం నేర్చుకోని పిల్ల మన ఇంటికొచ్చి నేర్చుకోవాలంటే మన దగ్గర దానికి సమయం ఉండాలి. పగలు ఒకసారి వచ్చి కిందికి తీసుకెళ్లే మనిషిని పెట్టుకోలేని ఇంటికి కుక్క వద్దు. ఈ మాట కటువుగా ఉన్నా అంటున్నాను, ఎందుకంటే మలం తింటోందన్న ఒక్క కారణంతో ఊరి చివర దించేసి వచ్చిన చిన్నజాతి కుక్కలు బొచ్చంతా జడలు కట్టి రోడ్డు పక్కన తిరుగుతున్నాయి. వాటికి వీధిలో బతకడం రాదు. అలా వదిలేయడాన్ని కూడా 1960 చట్టం నేరంగానే చూస్తుంది.

ఎప్పుడు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి అన్నది చిన్న కుక్కల విషయంలో గంటల మీద నడిచే లెక్క. హుషారుగా తిరుగుతూ, నీళ్లు తాగుతూ, ఒకటి రెండుసార్లు పల్చగా చేసిన ఎదిగిన కుక్కకి ఒకటి రెండు రోజులు మెత్తటి అన్నం, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ కొద్దికొద్దిగా పెట్టి చూడొచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, అవి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. పిల్లకైతే లంఖణం పెట్టకూడదు. కిలో, రెండు కిలోల పిల్ల కొన్ని గంటలు తినకపోతేనే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది. వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం జిగురుగా వచ్చినా, చిగుళ్లు తడి ఆరి పాలిపోయినా, పిలిస్తే పలకకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. చిన్న కుక్కల్లో హఠాత్తుగా వచ్చే రక్తవిరేచనాలు ఉదయానికీ సాయంత్రానికీ మధ్య ఒంట్లో నీరంతా లాగేస్తాయి. సమయానికి సెలైన్ ఎక్కిస్తే చాలావరకు బతుకుతాయి.

పశువైద్యులతో కూడా ఒక మాట. మలం తింటోందని కుక్కని తెచ్చినవాళ్లకి టానిక్ చీటీ రాసివ్వడం సులభం, వాళ్లు అడిగేదీ అదే. అయినా ముందు సూక్ష్మదర్శిని కింద మలం చూడండి, బరువు తూచండి, ఇంట్లో రోజూ ఎవరెవరు ఏం పెడుతున్నారో అడగండి. యజమానులు కూడా చేతులూపుకుంటూ వెళ్లొద్దు. ఆ ఉదయం చేసిన మలంలో చెంచాడు శుభ్రమైన చిన్న డబ్బాలో మూతపెట్టి తీసుకెళ్లండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి. జియార్డియా రోజూ బయటపడదు కాబట్టి, ఒకసారి ఏమీ లేదని వచ్చినా రోజు విడిచి రోజు మరో రెండుసార్లు చూపించండి.